మూడో పీరియడు

కుర్చీ కూడా దొరకలేదు వీళ్లకి. ఈ బడిలో ఏ గదిలో ఎన్ని కుర్చీలున్నాయో, వాటిలో కుంటివెన్నో నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగిన మనిషికి, ప్రిన్సిపాల్ గది బయట వరండాలో ఎల్‌కేజీ పిల్లల ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ వేశారు, వీపు మీద బాతు బొమ్మది. కూర్చుంటే మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి. ఆ మోకాళ్ల మీద అట్ట, అట్ట మీద కాగితం, కాగితం మీద ఒక్కటే ప్రశ్న. లోపల, చల్లటి గదిలో, మెత్తటి కుర్చీలో, బయటినుంచి వచ్చిన కుర్రాడు ఇంటర్వ్యూ ఇస్తున్నాడు. వచ్చి పావుగంట కాలేదు, అప్పుడే అతనికి కాఫీ వెళ్లింది. తనకి మంచినీళ్లిచ్చే నాథుడు లేడు, ఎందుకంటే తను ఇంటిమనిషి, ఇంటిమనిషికి దాహం వేయదు. పెద్ద సారు ప్రిన్సిపాల్ కుర్చీలో కూర్చుని పద్దెనిమిదేళ్లయింది, వచ్చే నెల దిగిపోతారు. ఆ పద్దెనిమిదిలో పదకొండేళ్లు బండి లాగింది ఆమె. పేరుకి ఇన్‌చార్జి. పిల్లలకి ఇన్‌చార్జి మేడం, టీచర్లకి ఇన్‌చార్జి మేడం, గేటు దగ్గర పుస్తకాల అట్టలమ్మేవాడికి కూడా ఇన్‌చార్జి మేడమే, సొంత పేరు బ్యాంకు పుస్తకంలో తప్ప ఎక్కడా మిగల్లేదు. సొమ్మొకడిది సోకొకడిది అని పెద్దలు ఊరికే అన్నారా. ఇప్పుడు ఆ కుర్చీ ఖాళీ అవుతోంది, దానికి విద్యా నాయకత్వంలో పీజీ ఉండాలన్నారు, నలభై ఆరో ఏట కళ్లజోడు నంబరు మార్చుకుని మరీ ఆ పీజీ చేసింది, తీరా చేశాక ఈ బాతు బొమ్మ కుర్చీ.

ప్రశ్న మళ్లీ చదివింది. ఈరోజు మూడో పీరియడుకి ఏడో తరగతి ఎ, బి, సి సెక్షన్లు మూడింటికీ టీచర్లు లేరు, ఆ పీరియడు ఖాళీగా ఉన్నది ఇద్దరే టీచర్లు, ఎవరిని ఎక్కడికి పంపుతారో సబ్‌స్టిట్యూషన్ చార్టు వేయుము, సమయం అరగంట. వేయుమట! పదకొండేళ్లుగా రోజూ పొద్దున ఎనిమిదీ పదికి, ఒక చెవిన ఫోను పెట్టుకుని, నాకు జ్వరం మేడం, మా బాబుకి వాంతులు మేడం, బస్సు తప్పిపోయింది మేడం అని వింటూ, జిరాక్స్ మెషీను నెత్తిన కాగితం పెట్టి, నిలబడి ఆరు నిమిషాల్లో వేసే చార్టు. దానికి అరగంట. పైగా ఈ ప్రశ్న కల్పించింది కూడా కాదు. ఎ సెక్షన్ లెక్కల టీచరు నిజంగానే సెలవు, బి సెక్షన్ సైన్సు టీచరు నిజంగానే ట్రైనింగుకి వెళ్లింది, సి సెక్షన్ సోషల్ తనది, తను ఇదిగో ఇక్కడుంది. అంతలో ఆఫీసు గుమాస్తా ఫైలేదో వెతుకుతున్నట్టు నటిస్తూ పక్కకొచ్చి నిలబడ్డాడు. తన తర్వాత ఈ బడిలో తాళాలు తెలిసిన మనిషి అతనొక్కడే. "మేడం, మోడల్ ఆన్సర్ మీదే. పోయినేడాది రిజిస్టర్లో సరిగ్గా ఇలాంటి రోజు ఒకటుంది, పొద్దున నేనే జిరాక్స్ తీసిచ్చా. మీ చేతిరాతే. కళ్లు మూసుకుని అదే దించేయండి," అన్నాడు గోడతో మాట్లాడుతున్నట్టు. కాస్త ఆగి, "ఇంకోటి మేడం, ఇవాళ్టి చార్టు ఎవరూ వేయలేదు. మీరు ఇక్కడున్నారుగా. పరీక్షలో ఎవరిది బాగుంటే అదే బోర్డు మీద పెట్టేద్దాం అన్నారు పెద్ద సారు," అని ఫైలు దొరికినట్టు తలూపి వెళ్లిపోయాడు.

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో ఆ చిన్న కుర్చీలో కూర్చుని బాగా తెలిసింది, అరికాలికీ నెత్తికీ దూరం కూడా పెద్దగా లేదు మరి. ఒక దెబ్బకు రెండు పిట్టలు! పరీక్ష పెట్టినట్టూ ఉంటుంది, ఇవాళ్టి పని జరిగినట్టూ ఉంటుంది. ఉద్యోగం ఇవ్వాలో వద్దో ఇంకా తేల్చలేదు కానీ చాకిరీ మాత్రం ఈలోపే చేయించుకుంటున్నారు. మెత్తటివాడిని చూస్తే మొత్తబుద్ధి. అత్తగారు అడిగింది కదా, మొదటి రోజు యూనివర్సిటీకి బయల్దేరుతుంటే, చెప్పుల దగ్గర నిలబడి, "ఇన్నేళ్లుగా చేస్తున్న పని చేయడానికి ఇప్పుడు చదువెందుకే పిల్లా?" అని. వెటకారం కాదు, ఆవిడకి నిజంగానే అర్థం కాలేదు. తనకి మాత్రం ఏం అర్థమైందని, బస్సుకి టైమైందత్తయ్యా అని వెళ్లిపోయింది. పట్టా వచ్చిన రోజు ఆయన ఫ్రేము కట్టించుకొచ్చి మేకు కొడుతూ, "ఇన్నాళ్లూ ఉత్త చాకిరీ, ఇకనుంచి పట్టా ఉన్న చాకిరీ," అన్నాడు. అందరూ నవ్వారు, తనూ నవ్వింది. ఇప్పుడు ఆ నవ్వు వెనక్కి తీసుకోవాలనిపిస్తోంది.

మోడల్ ఆన్సర్ తనకి గుర్తుంది. గుర్తుండకేం, ఒక్క రోజుదా అది? ఖాళీగా ఉన్న ఇద్దరిలో సీనియరుని ఎ సెక్షన్‌కి, రెండో మనిషిని బి సెక్షన్‌కి, సి సెక్షన్‌ దగ్గర ఎర్ర ఇంకుతో ఒక్క మాట: స్వయం పఠనం. ఎంత మర్యాదైన మాట! అంటే ఎవరూ రారు, మీ చావు మీరు చావండి, చప్పుడు మాత్రం చేయకండి అని. మొదట్లో అలా రాస్తుంటే చేయి ఆగేది. తర్వాత ఆగలేదు. ఎ సెక్షన్‌లో ఒక్క పీరియడు ఖాళీగా పోతే సాయంత్రం నాలుగున్నరకల్లా ఫోన్లు, ఒకరు డాక్టరు, ఒకరు లాయరు, ఒకరైతే ఏమీ కాదు, గొంతు మాత్రం పెద్దది, ఫీజులు కట్టడం లేదా మేము అని. బి సెక్షన్‌ వాళ్లు ఫోను చేయరు కానీ నెలాఖరు మీటింగులో అడుగుతారు. సి సెక్షన్‌ వాళ్లు మీటింగుకే రారు, వస్తే ఆ రోజు పని పోతుంది. అడగందే అమ్మైనా పెట్టదు, ఇక ఇన్‌చార్జి ఏం పెడుతుంది? పాము చావకుండా కర్ర విరగకుండా ఏళ్ల తరబడి అలా నెట్టుకొచ్చింది. పెద్ద సారు కింద సంతకం పెట్టేవారు, పైన ఏముందో చూడకుండా, టైము చూసుకుంటూ. చార్టు విషయంలో నా ఇన్‌చార్జి మేడం బంగారం, ఒక్క కంప్లయింటు రానివ్వదు అని అందరి ముందూ మెచ్చుకునేవారు. సిగ్గులేకపోతే సరి, ఆ మెచ్చుకోలుకి ఇంటికెళ్లి మురిసిపోయేది. సొంత కూతురు ఎ సెక్షన్‌లోనే చదివింది, ఇదే బడిలో. ఒకరోజు అన్నం తింటూ, "మాకెప్పుడూ ఖాళీ పీరియడే ఉండదేంటమ్మా, సి సెక్షన్ వాళ్లు ఎంత లక్కీ," అంది. ఇంకాస్త పప్పు వేసుకోవే అంది తను. అంతకంటే ఏం అంటుంది.

పైనుంచి చప్పుడు వస్తోంది. మేడమీద, మెట్లెక్కాక నీళ్ల ట్యాంకు పక్కనుంచి తిరిగితే వచ్చే చివరి గది, సి సెక్షన్‌ వాళ్ల రేకుల గది. ఇప్పుడు వాళ్లకి డ్రాయింగు, మాస్టారు ఉన్నాడు కనక ఇది మామూలు చప్పుడే, మనిషి లేని చప్పుడు వేరు, అది మొదట పెద్దగా ఉంటుంది, తర్వాత మెల్లమెల్లగా తగ్గి, ఆఖరికి ఇంక ఎవరూ రారని తెలిసిపోయాక పూర్తిగా ఆగిపోతుంది. ఆ ఆగిపోవడాన్నే ఇన్నాళ్లూ క్రమశిక్షణ అనుకుంది. ఆ గదిలో, కిటికీ పక్క మూడో బెంచీలో, ఎప్పుడూ రెండు జడలూ రెండు రకాలుగా ఉండే పిల్ల ఒకతె కూర్చునేది. నోట్సులు దిద్దుతుంటే ఆ పిల్ల పుస్తకం చివరి పేజీల్లో స్కేలు పెట్టి గీసిన గళ్లు కనిపించాయి. నిలువునా రోజులు, అడ్డంగా పీరియళ్లు, గడిగడికీ రెండే మాటలు, వచ్చారు, రాలేదు. మొదట కోపం వచ్చింది, ఇదేమిటే మామీద నిఘానా అని. "కాదు మేడం, మా అమ్మ రోజూ అడుగుతుంది, ఇవాళ ఏం చెప్పారే అని. ఏం చెప్పలేదంటే నేనే వినలేదని కొడుతుంది. ఎవరూ రాలేదంటే నమ్మదు, అంత పెద్ద బడిలో ఎవరూ రాకపోవడం ఏంటంటుంది. అందుకని రాసి చూపిస్తా," అంది ఆ పిల్ల. కళ్లలో నీళ్లు కూడా లేవు, అది మామూలు విషయం దానికి, ఇంటిపని రాసుకున్నట్టే రాసుకుంది. రాలేదు అన్న ప్రతి గడికీ ఒక తిట్టో ఒక దెబ్బో. ఆ దెబ్బలు ఎవరి చార్టులోంచి వచ్చాయి?

అప్పటికి యూనివర్సిటీలో రెండో ఏడు. శని, ఆదివారాలు క్లాసులు. ముప్పై నాలుగు మందిలో ఇరవై ఆరుగురు ఆడవాళ్లు, అందరూ ఎక్కడో ఒకచోట ఇన్‌చార్జిలే, ఆ బస్సు దిగి నడిచే దారంతా తమలో తాము మేనేజ్‌మెంట్లని తిట్టుకుంటూ నవ్వుకునేవాళ్లు, అసలు చదువు అక్కడే జరిగేది. క్లాసు లోపల ఉన్నది స్లైడుల మాస్టారు, లైటార్పి గోడమీద బొమ్మలు వేసే ప్రొఫెసరు. ప్రతి బొమ్మలోనూ ఒక కొండ, దాని మీద టై కట్టుకున్న మగవాడు, చేతిలో జెండా. నాయకుడికి దార్శనికత ఉండవలెను. నాయకుడు మార్పుకి భయపడరాదు. ఏం మార్పు సార్ అని ఒకసారి అడిగితే, మార్పు అంటే మార్పేనండీ అన్నాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. పరిశోధన పత్రం రాయాల్సి వచ్చినప్పుడు అందరూ ఒత్తిడి నివారణ, డిజిటల్ బోధన అని ఏవో తేలికైనవి ఎంచుకున్నారు. తను మాత్రం ఆ పిల్ల నోట్సు చివరి పేజీలు తీసుకుని, తన చార్టు రిజిస్టరు తెచ్చుకుని, వంటింటి బల్లమీద కూతురు ఒక పక్క పరీక్షకి చదువుకుంటుంటే ఒక పక్క కూర్చుని, ఏడాది మొత్తం ఒక్కొక్క రోజే సరిచూసింది. ఆ పిల్ల రాసిన దాంట్లో ఒక్క తప్పు లేదు. తన రిజిస్టర్లోనే రెండు తప్పులున్నాయి. ఏడాదిలో ఎ సెక్షన్‌కి పోయినవి నాలుగు పీరియళ్లు. బి సెక్షన్‌కి పంతొమ్మిది. సి సెక్షన్‌కి నూటనలభై మూడు. అంకెల కింద గీత గీసి అలాగే కూర్చుండిపోతే కూతురు తలెత్తి, ఏమైందమ్మా అంది. ఎవరో కాదు, తనే చేసింది, తన దస్తూరీతో, పెద్ద సారు మెచ్చుకునే గుండ్రటి దస్తూరీతో. అదే నాలుగో అధ్యాయం అయింది.

స్లైడుల మాస్టారు చదివి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇదేంటండీ, మీమీద మీరే కేసు పెట్టుకున్నారు?" అన్నాడు. ఉద్రేకం ఎక్కువైంది, పరిశోధనలో ఉద్రేకం పనికిరాదు, పైగా మీ బడి పేరు పోతుంది, మీ ప్రిన్సిపాల్ అనుమతి పత్రం మీద సంతకం పెట్టరు. సంతకం లేకపోతే పట్టా లేదు, పట్టా లేకపోతే రేపు ఆ కుర్చీ లేదు. "ముందు తీసేయండి. కుర్చీలో కూర్చున్నాక మీ ఇష్టం వచ్చినట్టు సంస్కరించుకోవచ్చు," అన్నాడు. తీసేసింది. ఇరవై రెండు పేజీలు, ఒక్క మీట నొక్కితే పోయాయి. నాలుగో అధ్యాయం స్థానంలో సిబ్బంది సహకార భావన అని ఒకటి వండి వార్చింది, దానికి ప్రథమ శ్రేణి వచ్చింది. ఆ పిల్ల మరుసటి ఏడు బడి మానేసింది. ఎందుకని ఎవరూ అడగలేదు, అడగాల్సింది ఇన్‌చార్జి. ఇప్పుడు లోపల బల్ల వెనకాల కూర్చున్నది ఎవరనుకున్నారు, పెద్ద సారు ఒక పక్క, ఆ స్లైడుల మాస్టారే బయటి నిపుణుడిగా ఒక పక్క, మధ్యలో బడి సెక్రటరీ గారు, ఏడాదికి రెండుసార్లు వచ్చి ఒక్క మాటా మాట్లాడకుండా వెళ్లిపోయే పెద్దావిడ. ఒళ్లు మండిపోతోంది, అయితే ఎవరిమీద అని తేలడం లేదు. వాళ్లమీద ఉండాల్సినంత ఉంది. అయినా మీట నొక్కిన వేలు మాత్రం వాళ్లది కాదు.

పదీ నలభైకి తలుపు తెరుచుకుని కుర్రాడు బయటికొచ్చాడు. చంకలో మెరిసే ఫైలు, బుగ్గన నవ్వు. చెడ్డవాడేం కాదు పాపం, పలకరించాడు కూడా. ఏదో శిక్షణ సంస్థలో పనిచేస్తాడట, డాక్టరేటు ఉందట, క్లాసుల్లో పాఠం చెప్పింది రెండేళ్లేనట. "చిన్న ప్రశ్నేనండీ, మీకైతే రోజువారీ పనేగా," అని, గొంతు తగ్గించి, పరీక్ష హాలు బయట స్నేహితురాలితో చెప్పినట్టు చెప్పాడు. "మూడో సెక్షన్‌కి మనిషి మిగల్లేదు కదండీ, అక్కడ ‘అభ్యాసకుల స్వయంప్రతిపత్తి’ అని రాశాను. ప్రొఫెసరు గారికి భలే నచ్చింది." తను ఒక్క మాటతో చేసిన అన్యాయానికి ఈ అబ్బాయి ఎంత పెద్ద పేరు పెట్టాడు! నూటనలభై మూడు పీరియళ్ల స్వయంప్రతిపత్తి. ఆ పిల్ల వాళ్లమ్మకి ఈ మాట తెలిసుంటే బాగుండేది, కొట్టేది కాదు.

కాగితం ఇంకా తెల్లగానే ఉంది. రాసేయొచ్చు. ఎ సెక్షన్‌కి సీనియరు, బి సెక్షన్‌కి రెండో మనిషి, సి సెక్షన్‌కి స్వయం పఠనం, తన దస్తూరీతో తన జవాబే, వందకి వంద. కుర్చీ వస్తుంది. వచ్చాక మార్చొచ్చు. ఎల్లుండినుంచి, లేదా జీతాల గొడవ తేలాక, లేదా పరీక్షలయ్యాక, లేదా కొత్త బిల్డింగు పూర్తయ్యాక. ఎంత తేలిగ్గా వస్తున్నాయి ఈ లేదాలు, ఇదే స్లైడుల మాస్టారి గొంతు, తన లోపల ఎప్పుడు దూరిందో తెలియలేదు. పట్టాకోసం ఒకసారి తీసేసింది, ఇప్పుడు కుర్చీకోసం ఇంకోసారి తీసేయాలి, కుర్చీలో కూర్చున్నాక ఇంకేదో వస్తుంది, దానికోసం మరోసారి, అలా తీసేస్తూ తీసేస్తూ పోతే దిగిపోయేనాటికి తనూ సంతకం పెట్టి టైము చూసుకునే మనిషే అవుతుంది. మనుషులు ఇద్దరే ఉన్నారని ప్రశ్నలో రాశారు. ఇద్దరేనా? ఈ బడిలో మూడో పీరియడుకి ఖాళీగా ఉన్నది ఇద్దరేనా? నవ్వొచ్చింది తనకి. పదకొండేళ్లు రోజూ వేసిన చార్టులో ఒక్కసారీ తట్టలేదు, తట్టకుండా ఉండేలా తయారుచేశారు తనని, తనూ తయారైంది. కలం మూత తీసింది. ఎ సెక్షన్, బి సెక్షన్ నిమిషంలో అయిపోయాయి. సి సెక్షన్ దగ్గర ఆగింది, ఎర్ర ఇంకు లేదు, నీలం ఇంకుతోనే రాసింది, గుండ్రటి దస్తూరీతో, అక్షరం అక్షరం స్పష్టంగా, ఎవరూ తప్పు చదవకుండా.

పదీ యాభైకి పిలిచారు. బాతు కుర్చీలోంచి లేస్తుంటే మోకాళ్లు పట్టేశాయి. లోపల చల్లగా ఉంది. ముగ్గురూ కాగితం చేతులు మార్చుకున్నారు. స్లైడుల మాస్టారు తన దగ్గరున్న జిరాక్స్ పక్కన పెట్టి చూసి, "మోడల్ ఆన్సర్‌తో సరిపోవడం లేదండీ," అన్నాడు.

"మోడల్ ఆన్సర్ రాసింది నేనే సార్," అంది. "తప్పు రాశాను. మీకు తెలుసు కదా, నాలుగో అధ్యాయం మీరు చదివారు." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

పెద్ద సారు కాగితం దగ్గరికి లాక్కుని చూశారు, ముఖం కాస్త ఎర్రబడింది, వెంటనే నవ్వేశారు. "ఏంటమ్మా ఇది, సి సెక్షన్‌ దగ్గర నా పేరు వేశారు? తమాషా?"

"మూడో పీరియడు మీరు ఖాళీయే కదా సార్. చరిత్రలో మీరు ఎం.ఏ. కూడా. పాఠం పుస్తకంలో ఎనభై ఒకటో పేజీ."

"ఇది పరీక్షమ్మా. ఊరికే ఊహించుకుని రాసేది."

"ఇవాళ్టి చార్టు ఇదేనని మీరే అన్నారట కదా సార్. వేరే చార్టు ఎవరూ వేయలేదు. పైన నలభై ఒక్కమంది పిల్లలు ఊహించుకున్నవాళ్లు కాదు." కాగితం మీద సి సెక్షన్‌ గడిని వేలితో చూపించింది. "ఈ ఉద్యోగం నాకిస్తే రోజూ ఇలాగే వేస్తాను, నా పేరుతో సహా. ఇవ్వకపోతే ఇవ్వకండి. ఆ గదికి స్వయం పఠనం అని మాత్రం ఇక నా చేత్తో రాయను."

కుర్చీ పోయిందని ఆమెకి అర్థమైంది, నిజంగా భయం వేసింది, ఇంట్లో ఏం చెప్పాలో కూడా ఒక్క క్షణంలో అనుకుంది. అప్పుడు బెల్లు మోగింది. మూడో పీరియడు. వరండాలో కాళ్ల చప్పుళ్లు, తలుపుల చప్పుళ్లు, టీచర్లు ఎవరి గదులకి వాళ్లు వెళ్లిపోతున్న చప్పుడు, ఆ తర్వాత మేడమీదినుంచి ఆమెకి బాగా తెలిసిన ఆ ఇంకో చప్పుడు మొదలైంది, మనిషి లేని చప్పుడు.

సెక్రటరీ గారు కాగితాన్ని బల్లమీద తనవైపు తిప్పుకుని మొదటినుంచీ చదివారు. తర్వాత తలెత్తి పెద్ద సారు వైపు చూశారు. చూస్తూనే ఉన్నారు.

పెద్ద సారు లేచారు. కుర్చీ గీసుకుంటూ వెనక్కి జరిగింది. కోటు సర్దుకుని తలుపు దాకా నడిచి, వరండాలోకి తొంగి చూసి, ఎడమవైపు ఒకసారి చూశారు, కుడివైపు ఒకసారి చూశారు. వెనక్కి తిరగకుండానే, కాస్త చిన్న గొంతుతో అడిగారు.

"ఎటువైపమ్మా?"